ఊపిరి బిగబట్టండి

బల్ల మెల్లగా లోపలికి జరిగింది. కళ్లు ముందే మూసుకున్నాను కాబట్టి ఏమీ చూడలేదు గానీ, రెప్పల మీద వెలుతురు పలచబడటం తెలిసింది, నుదురు, ముక్కు, గడ్డం ఒకదాని తర్వాత ఒకటి స్కానింగ్ గొట్టంలోకి వెళ్లిపోవడం తెలిసింది. ఇది మూడోసారి. మొదటిసారి నాలుగు నిమిషాలున్నాను, రెండోసారి పదకొండు. రెండుసార్లూ చేతిలో పెట్టిన రబ్బరు బంతి నొక్కేసి, బయటికి తీయమని కేకలు పెట్టి, వెనక ముడి ఊడిన ఆస్పత్రి గౌనుతో నడవాలోకి వచ్చి పడ్డాను. పదిహేడేళ్లుగా జనానికి కారు నడపడం నేర్పుతున్న మనిషిని, భయపడేవాళ్లకి ధైర్యం చెప్పడమే నా బతుకుతెరువు, అలాంటిదాన్ని చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని వగరుస్తుంటే చక్రాల కుర్చీలో ఉన్న ఒక ముసలాయన జాలిపడి తన మంచినీళ్ల సీసా నాకు అందించాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పోనీ జబ్బు నాదా అంటే అదీ కాదు. జబ్బు మా అక్కది. ఆమె కాలేయం పని మానేసింది. నా దాంట్లోంచి సగానికి పైగా కోసి ఆమెకి పెట్టాలి, నాలో మిగిలింది మళ్లీ పెరుగుతుంది, ఆమెకి పెట్టింది ఆమెలో పెరుగుతుంది. కోసే ముందు నా లోపలి నాళాలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో డాక్టర్లు చూసుకోవాలి. మిగతా పరీక్షలన్నీ అయిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. నలభై నిమిషాలు కదలకుండా పడుకోవడం, అంతే. కత్తికి నేను భయపడలేదు. పడుకోవడానికి భయపడ్డాను.

"వినిపిస్తోందా మేడమ్?" అని హెడ్‌ఫోన్లలో స్కానింగ్ అమ్మాయి గొంతు వచ్చింది, రెండుసార్లూ నన్ను బయటికి లాగిన అమ్మాయే. వినిపిస్తోందన్నాను. "పొట్ట మీద పెట్టింది బరువుగా ఉందా?" లేదన్నాను. అబద్ధం. పట్టీలతో బిగించిన ఆ పలక పొట్ట మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టే ఉంది. మత్తిచ్చి చేసేయొచ్చు కదా అని బావ మొదటిరోజే అడిగాడు. కుదరదన్నారు, కాలేయం ఊపిరితో పాటు పైకీ కిందికీ ఊగుతుంది, ఊగితే బొమ్మ చెదిరిపోతుంది, అందుకని చెప్పినప్పుడల్లా ఊపిరి ఆపాలి, మత్తులో ఉన్న మనిషి ఆ మాట వినదు కదా. ఊపిరి అందదేమోనన్న భయంతో చస్తున్నదాన్ని పట్టుకుని ఊపిరి ఆపమంటారు, పైవాడికి వేళాకోళం ఎక్కువ. "ఊపిరి తీసుకోండి. వదిలేయండి. ఇప్పుడు బిగబట్టండి." బిగబట్టాను. తలచుట్టూ ఇనప గది గర్జించింది. మనసులో పదమూడో ఎక్కం మొదలుపెట్టాను, పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవైయారు, అక్క బడిలో లెక్కల టీచరు, ఎక్కం అప్పజెప్పేటప్పుడు ఎవరికీ భయం గుర్తుండదు, తప్పు చెబుతామేమోనన్న భయం తప్ప అని ఆమె సిద్ధాంతం. పదమూడెనిమిదులు నూటనాలుగు దగ్గర గర్జన ఆగింది. "మామూలుగా ఊపిరి తీసుకోండి" అంది అమ్మాయి. తీసుకున్నాను. గాలి ఉంది. ఎక్కడికీ పోలేదు.

తర్వాతి చప్పుడు వేరు, టక్కు టక్కు టక్కు, ఇండికేటరు వేసి తీయడం మరిచిపోయినట్టు, అచ్చం ఆ రోజు వంతెన మీద మోగినట్టే. ఎనిమిది నెలలైంది. ట్రాఫిక్ ఎటూ కదలకుండా నిలిచిపోయింది, స్టీరింగు ముందు పోస్టాఫీసులో రిటైరైన పెద్దాయన, పక్క సీట్లో నేను, నా కాళ్ల దగ్గర నేర్పేవాళ్ల కోసం పెట్టే రెండో బ్రేకు. ఇండికేటరు తీయండి అని చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. అరచేతులు తడిసిపోయాయి, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి, పెదవుల చుట్టూ చీమలు పాకాయి, గుండె తలుపు బాదినట్టు బాదుతోంది, ముందున్న లారీ వెనక రాసిన అక్షరాలు దూరమై దూరమై చిన్న చుక్కలైపోయాయి. చచ్చిపోతున్నానని తెలిసింది. అనుమానం కాదు, ఆకలైతే తెలిసినట్టు, దాహమైతే తెలిసినట్టు తెలిసింది. పెద్దాయన నా ముఖం చూసి రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నారు. దారి తెరుచుకోగానే, అప్పటిదాకా రెండో గేరు దాటని మనిషి, మూడో గేరులో నన్ను ఆస్పత్రి గుమ్మం దాకా తీసుకెళ్లారు. దారి పొడవునా "ఏం కాదమ్మా, బ్రేకు మీద కాలుంది" అన్నారు, అది నా మాటే, ఆయనకి నేను నేర్పిన మాటే. అక్కడ ఛాతీ నిండా తీగలు అంటించి, కాగితం మీద గీతలు గీయించి, మీ గుండె గుర్రంలా ఉంది, ఇంటికి వెళ్లొచ్చు అన్నారు. గుర్రంలా ఉంటే మరి ఎందుకలా పరుగెత్తిందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సిగ్గేసింది. ఏమీ లేదనిపించుకున్న రోగం ఎవరికి చెప్పుకుంటాం.

చెప్పుకోలేదు కాబట్టి అది పెరిగింది. వంతెన మానేసి చుట్టుదారిలో తిప్పాను, తర్వాత సినిమాహాలు మానేశాను, తర్వాత స్నానాల గది తలుపు గడియ పెట్టడం మానేసి గుమ్మం దగ్గర బకెట్టు అడ్డం పెట్టుకున్నాను. గుండె ఎలా కొట్టుకుంటోందో రోజుకి ఇరవైసార్లు మణికట్టు పట్టుకుని చూసుకునేదాన్ని, చూసుకున్నకొద్దీ అది తడబడేది, ఎవరైనా పక్కన నిలబడి చూస్తుంటే పార్కింగ్ తప్పుగా చేసినట్టు. నా దగ్గర నేర్చుకునేవాళ్ల భుజాలు చెవుల దాకా లేచినప్పుడు, "ఊపిరి తీసుకోండి, బండి ఎక్కడికీ పోదు" అని నవ్వుతూ అనేదాన్ని, ఆ మాట అంటున్న నా భుజాలు ఎక్కడున్నాయో ఒక్కరోజూ చూసుకోలేదు. ఇక రెండోసారి ఈ గొట్టంలోంచి పారిపోయి వచ్చాక ఇదే ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. చిన్న గది, తలుపు తెరిచే ఉంచింది, నేను అడక్కుండానే. వంతెన మీద జరిగిన రోజు పొద్దున ఏం జరిగిందని అడిగింది. ఏమీ లేదన్నాను. మళ్లీ నేనే, పొద్దున అక్క ఫోన్ చేసిందన్నాను, రిపోర్టు వచ్చిందనీ, కాలేయం ఎండిపోతోందనీ, బావకి ఇంకా చెప్పలేదనీ, నువ్వు ఏడవకూడదనీ చెప్పిందన్నాను. "ఏడ్చారా?" అంది. క్లాసుంది కదండీ అన్నాను. డాక్టరమ్మ టిష్యూల డబ్బా ఇటు జరిపింది.

పులి ఎదురైతే పరుగెత్తడానికి ఒళ్లు ఏమేం చేస్తుందో మీ ఒళ్లు అవన్నీ చేసింది, పులి ఒక్కటే లేదు అని ఆమె చెప్పింది. గుండె అంత గట్టిగా కొట్టుకునేది కాళ్లకి రక్తం పంపడానికి. వేళ్లు తిమ్మిరెక్కేది గాలి చాలక కాదు, గబగబా ఎక్కువ పీల్చి. కడుపులో తిప్పేది, ఒళ్లు చల్లబడేది, అన్నిటికీ ఒక్కొక్క కారణం చెప్పింది, మెకానిక్ బానెట్ ఎత్తి చూపించినట్టు. "అంటే పిల్లి దూకితే కారు అలారం మోగినట్టా?" అన్నాను. ఆమె నవ్వింది. "అలాగే అనుకోండి. మోగుతుంటే మీరు ఆపాలని చూస్తున్నారు, పారిపోతున్నారు, దాంతో పిల్లిని పులి అని మీరే ఒప్పుకున్నట్టయింది. మోగనివ్వండి. ఎంతసేపని మోగుతుంది?" తర్వాత నన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తల తిరిగేదాకా తిప్పింది, సన్నటి స్ట్రాలోంచి ఊపిరి పీల్పించింది, మెట్లు పరుగెత్తించి గుండె కొట్టుకుంటుంటే ఊరికే కూర్చోమంది, భయం రాకముందే భయం వేషాలన్నీ నాకు తొడిగి చూపించింది. ఊపిరి తీసుకోవడం కాదు, వదలడం నేర్చుకోండి, పాలు పొంగొస్తే ఊదుతారే, అంత నెమ్మదిగా, తీసుకున్నదానికి రెట్టింపు సేపు. ఇంటిదగ్గర ఇరుకు చోటు చూసుకుని రోజూ పడుకోండి, భయం వచ్చినా లేవకండి, అది దానంతటది తగ్గేదాకా ఉండండి. మూడు వారాలే టైముంది అన్నాను. "మూడు వారాలు చాలా ఎక్కువ" అంది.

ఇరుకు చోటంటే అక్క వాళ్లింట్లో మంచం కింద. సామాన్లన్నీ బయటికి లాగి, అట్టపెట్టె చీల్చి ముఖం మీద వంపుగా కప్పుకుని వెల్లకిలా పడుకున్నాను. మొదటిరోజు రెండు నిమిషాలకే మోకాలు చెక్కుకుపోయేలా పాక్కుంటూ బయటికొచ్చాను. అక్క మంచం పక్కన కుర్చీలో కూర్చుని చూసింది. కళ్లు పసుపు, కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడంలేదు, పొద్దుటి నుంచి తిన్నది రెండు ముద్దలు. "ఇంత చిన్నదానికి అంత పరుగా?" అని వెక్కిరించి, వంటింట్లోకి వెళ్లి స్టీలు పళ్లెం, గరిట తెచ్చుకుంది. "మిషను చప్పుడు చేస్తుందన్నావుగా. ఉత్త మంచం ఏం లాభం, మంచం మిషను కావాలి. పో లోపలికి." ఆమె పళ్లెం బాదుతుంటే నేను మంచం కింద చెమటలు కారుస్తూ పడుకునేదాన్ని. మధ్యమధ్య ఆపి వంగి చూసేది. "ఏమే, బతికున్నావా?" "ఉన్నా." "అయితే ఇంకో ఐదు నిమిషాలు." చేయి నొప్పెడితే గరిట మార్చుకునేది. పదో రోజుకి ఇరవై నిమిషాలున్నాను, పదిహేనో రోజుకి ముప్పై, ఆ రోజు పళ్లెం చప్పుడులోనే కునుకు పట్టింది, నేను పలకకపోయేసరికి అక్కే హడలిపోయి నా కాలు పట్టుకుని లాగింది. అంత చేసిన మనిషి ఆపరేషన్‌కి మాత్రం ఒప్పుకోలేదు. "ఇది నీ భయం పోవడానికి చేస్తున్నా, నా లివర్ కోసం కాదు. నిన్ను కోయించుకుని నేను బతకనక్కర్లేదు, చెప్పేశాను" అనేది, అని మళ్లీ పళ్లెం అందుకునేది. ఒకరోజు ఆమె కూతురు కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "పిన్నికి అంత కష్టమైతే నేనిస్తానమ్మా, నాకు పంతొమ్మిది నిండాయి" అంది. అక్క చేతిలో గరిట ఆగిపోయింది. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ ఇంట్లో అన్నం తినను" అంది, మెల్లగా, అరవకుండా. మంచం కింది నుంచి నాకు వాళ్ల పాదాలు మాత్రమే కనిపించాయి, వాచిన పాదాలు రెండు, బూట్లు రెండు. అమ్మ పోయినప్పుడు అక్కకీ దాదాపు ఆ వయసే, నాకు తొమ్మిది. నేనీ గొట్టంలో పడుకోలేకపోతే ఆ బూట్ల పిల్ల వచ్చి పడుకుంటానంటుంది, అక్క వద్దంటుంది, వద్దంటూనే వెళ్లిపోతుంది. అది నాకు అక్కడ, అట్టముక్క కింద, స్పష్టంగా అర్థమైంది.

టక్కు టక్కు ఆగిపోయింది. తర్వాత ఏదో ఒకటి మొదలవుతుందనుకున్నాను. మొదలవలేదు. హెడ్‌ఫోన్లలో గొంతు లేదు, గర్జన లేదు, ఎక్కడో ఫ్యాను తిరిగే సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్క పళ్లెం బాదింది గానీ నిశ్శబ్దం ఎలా బాదుతుంది, దీనికి మేం తయారవలేదు. ఆ అమ్మాయి గదిలోంచి వెళ్లిపోయిందేమో. కరెంటు పోయి బల్ల ఇరుక్కుపోయిందేమో. అంతే, ముందుగా అరచేతులు తడిశాయి, ఎప్పుడూ అవే ముందు. గుండె ఒక దెబ్బ మరిచిపోయి, మరిచిపోయినందుకు సంజాయిషీగా మూడు ఒకేసారి కొట్టింది. పక్కటెముకల చుట్టూ తాడు బిగిసింది, గొంతులో ఏదో అడ్డంపడింది, పెదవుల చుట్టూ చీమలు, నా కుడికాలు దానంతటది లేని బ్రేకుని తొక్కింది. బొటనవేలు రబ్బరు బంతి మీదికి చేరింది. చాల్లే, పదకొండు దాటావు, ఎవరూ ఏమీ అనరు, అక్క అసలే అనదు, నొక్కెయ్ అంది లోపల ఒక గొంతు, శత్రువు గొంతైతే ఎదిరించేదాన్ని, అది నా గొంతే, ఎంతో ఆప్యాయంగా అంది.

నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో తర్వాత చాలామంది అడిగారు, గొప్ప కారణమేదో చెప్పాలని నాకూ ఉంటుంది, కానీ నిజానికి నేను అనుకున్నది ఒక్కటే, ఒక్క ఊపిరి వదిలాక నొక్కుదాం అని. పాలు ఊదినట్టు వదిలాను. చివరిదాకా, పొట్ట వీపుకి అంటుకునేదాకా. ఇంకొకటి వదిలాక నొక్కుదాం. మడమలు బల్లకి ఆనుకున్నాయి, పిక్కలు ఆనుకున్నాయి, వీపు, తల వెనక భాగం, ఒక్కొక్కటే పేరు పెట్టి పలకరించాను, ఉన్నావా, ఉన్నాను. గుండె ఇంకా బాదుతూనే ఉంది. బాదుకో అన్నాను. డాక్టరమ్మ చెప్పినప్పుడు నమ్మని మాట అది, తలకాయున్నవాళ్లెవరైనా పిడుగుని రమ్మంటారా అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు రమ్మన్నాను. రా, ఇంకా గట్టిగా కొట్టుకో, వేళ్లు ఇంకా తిమ్మిరెక్కనీ, ఇంకేం తెచ్చావు, వాంతా, తల తిరుగుడా, అన్నీ బయటపెట్టు, నేనెక్కడికీ పోవడంలేదు. అది వచ్చింది. నిజంగానే ఇంకా పైకి లేచింది, చెవుల్లో హోరు, కనురెప్పల వెనక ఎర్రగా మెరుపులు, ఇక ఇంతకంటే పైన ఏమీ ఉండదన్నంత పైకి. ఆపైన నిజంగానే ఏమీ లేదు. అక్కడ ఒక క్షణం నిలబడింది, తన దగ్గర ఇంకేమీ మిగల్లేదని దానికే తెలిసినట్టు, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలల్లో అది దిగడం నేను ఒక్కసారీ చూడలేదు. ప్రతిసారీ అంతకుముందే పారిపోయాను. తాడు ఒక్కొక్క పేటే వదులైంది, గొంతులో అడ్డం కరిగింది, ముందు ఎడమచేతి వేళ్లలోకి, తర్వాత కుడిచేతి వేళ్లలోకి వెచ్చదనం వచ్చింది. బొటనవేలు బంతి మీంచి తీసేశాను. నా కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకునే వీల్లేదు, కారనిచ్చాను. ఆ ఇరుకులో, ఆ పలక కింద, నా ఒంట్లో మహారాణిలా పడుకున్నాను.

"సారీ మేడమ్, ఒక సెట్టింగు మారుస్తూ ఆలస్యమైంది" అంది అమ్మాయి. "ఇందాక కాలు కదిపారా? చివరి బొమ్మలు కాస్త చెదిరాయి. మళ్లీ తీయాలి. ఓ పది నిమిషాలు ఎక్కువవుతుంది, ఉండగలరా?" చివరి మాట భయం భయంగా అడిగింది, పాపం, మూడోసారి కూడా నన్ను నడవాలో వెతుక్కోవాలేమోనని.

"ఇరవై తీసుకో తల్లీ" అన్నాను.

తర్వాత జరిగిందంతా పని. తీసుకోమంటే తీసుకున్నాను, బిగబట్టమంటే బిగబట్టాను, పదమూడు తొమ్ముదులు నూటపదిహేడు, పదమూడు పదులు నూటముప్పై, ఒకసారైతే ఎక్కం అయిపోయి పద్నాలుగులోకి వెళ్లాను. చేతి నరంలోకి మందు పంపుతున్నామంది, చల్లటి గీత మోచేతి నుంచి భుజం దాకా పాకింది, నోట్లో ఇనుము రుచి తగిలింది, గుండె ఒకసారి తలెత్తి ఏంటది అని అడిగింది, మందు అన్నాను, పడుకుంది. గర్జనలు వస్తున్నాయి, పోతున్నాయి, ఒకటి రోడ్డు తవ్వే యంత్రంలా, ఒకటి పాత స్కూటరు స్టార్టవనని మొరాయిస్తున్నట్టు, నవ్వొచ్చింది, నవ్వితే పొట్ట కదులుతుందని ఆపుకున్నాను. భయం పోయిందా అంటే పోలేదు, గొట్టం మూలన ఎక్కడో కూర్చునే ఉంది, నాకు తెలుసు. కూర్చోనీ. స్టీరింగు నా చేతిలో ఉంది.

"అయిపోయింది మేడమ్." బల్ల బయటికి జరిగింది, రెప్పల మీద వెలుతురు పడింది, కళ్లు తెరిచాను. అమ్మాయి పట్టీలు విప్పుతూ నా ముఖం చూసి నవ్వింది. "నలభై ఎనిమిది నిమిషాలు" అంది, తనే పరీక్ష పాసైనట్టు. అద్దం వెనక గదిలో లివర్ డాక్టరు అప్పటికే తెర ముందు వంగి ఉన్నారు, నన్ను చూసి లోపలికి రమ్మన్నారు. తెర మీద బూడిదరంగు కొండలాంటిది, దాంట్లో తెల్లటి కొమ్మలు. ఇది రక్తం వచ్చే దారి, ఇది పోయే దారి, ఇది పైత్యరసం పోయే దారి అని పెన్ను మొనతో చూపించారు. "చక్కగా విడివిడిగా ఉన్నాయి. ఇంత స్పష్టంగా కావాలనే మిమ్మల్ని ఇంత బాధపెట్టాం. సోమవారం ఇద్దరూ చేరిపోండి." నా లోపల అంత శుభ్రమైన దారులున్నాయని నాకు తెలియదు. కాసేపు అలా చూస్తూ నిలబడ్డాను.

బయట అక్క కుర్చీలో నిద్రపోతోంది. తల పక్కకి వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గత రెండుసార్లూ తలుపు దగ్గరే నిలబడి ఉంది, నేను పడితే పట్టుకోవడానికి, అంత వాచిన కాళ్లతో. లేపకుండా పక్కన కూర్చున్నాను. కాసేపటికి తనే కళ్లు తెరిచి గోడ గడియారం చూసి, నన్ను చూసింది.

"ఎన్ని నిమిషాలు?"

"నలభై ఎనిమిది."

"అబద్ధమాడకు."

"ఆ అమ్మాయినే అడుగు. డాక్టరు కూడా చూశారు. దారులన్నీ బాగున్నాయట. సోమవారం ఇద్దర్నీ చేరమన్నారు."

అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. వద్దంటుందని తెలుసు, ఈసారి ఆ మాటకి నేను జవాబు కూడా ఆలోచించి పెట్టుకున్నాను, ఎంత పొడుగు జవాబో, మంచం కింద పడుకుని పదిహేను రోజులు కూర్చుకున్నది. ఆమె నా చేయి తీసుకుని అరచేయి తిప్పి చూసింది, చిన్నప్పుడు కడుక్కున్నానో లేదో చూసినట్టు. అది పొడిగా ఉంది. వేళ్లతో దాన్ని నిమిరింది. నడవాలో ఎవరో నర్సు పేర్లు పిలుస్తోంది, ఎవరో లేచి వెళ్తున్నారు.

"సోమవారం ఎన్నింటికి?" అంది అక్క.

"పొద్దున ఏడింటికి" అన్నాను.